‘వలసల్లో అతినాటకం’ సరేనా?

సందేహం: ఆస్ట్రేలియాలో ఆడిన ఒక పాత ఇంగ్లీషు నాటకం గురించిన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘19వ శతాబ్దపు వలసల్లో ఏకాంకిక అతినాటకం రంగస్థల చరిత్ర’ అని శీర్షిక పెట్టాను. మూలంలోని ‘మెలోడ్రామా’కు ‘అతినాటకం’ కాదు, ‘సంగీత నాటకం’ అనాలని మిత్రుడొకరు పట్టుబడుతున్నారు. మెలోస్ అంటే గ్రీకులో పాటే కదా అంటారు. ఏది ఒప్పు?

సమాధానం: రెండూ వద్దు. ‘మెలోడ్రామా’ అనే ఉంచండి.

వ్యుత్పత్తి వరకు మీ మిత్రుడి మాట నిజమే. కానీ పదం ఎక్కడ పుట్టిందన్నది ఒకటి, నాటకాల వాళ్లు దాన్ని దేనికి వాడారన్నది మరొకటి. ఇంగ్లీషు రంగస్థలానికి ఈ పేరు తెచ్చింది 1802లో థామస్ హోల్‌క్రాఫ్ట్ ఫ్రెంచి నుంచి దించుకున్న ‘ఎ టేల్ ఆఫ్ మిస్టరీ’. దాని బలం పాటల్లో లేదు. దుర్మార్గుడు లోపలికి వచ్చేటప్పుడు, మూగవాడు సైగలు చేసేటప్పుడు కింద కూర్చున్న వాద్యబృందం వాయిస్తుంది. అంటే సంగీతం మాటకూ చేష్టకూ వెనక నిలబడుతుంది. మన దగ్గర ‘సంగీత నాటకం’ అనగానే హార్మోనియం శ్రుతి, నటుడు రాగం లాగడం, వన్స్‌మోర్ కేకలు గుర్తుకొస్తాయి. పాఠకుణ్ణి సురభి డేరాలో కూర్చోబెట్టి సిడ్నీ కథ చెప్పినట్టవుతుంది.

‘అతినాటకం’తో చిక్కు ఇంకోటి. ‘అతి’ తిట్టు. సినిమా సమీక్షలో ‘ద్వితీయార్ధంలో అతినాటకీయత ఎక్కువైంది’ అంటే చక్కగా అతుకుతుంది, ఎందుకంటే అక్కడ చెప్పేది గుణం. 19వ శతాబ్దంలో అది జాతి పేరు. అచ్చుపుస్తకం ముఖపత్రం మీదే ‘రెండంకాల మెలోడ్రామా’ అని వేసేవారు. తన నాటకానికి తానే ‘అతి’ అని పేరు పెట్టుకునేవాడు ఉండడు.

ఇక ‘ఏకాంకిక’. ఇక్కడ కొంచెం ఆగాలి. మూలంలో నిజంగా ఒకే అంకమని ఉందా, లేక రాత్రి ప్రదర్శన చివర ఆడే చిన్న నాటకమని ఉందా? రెండూ ఒకటి కావు. ఆ కాలంలో ఒక్క టికెట్టుకు ఒక్క నాటకం చూపించి పంపేవారు కాదు. పెద్దది ముందు, నవ్వించేది వెనక. సిడ్నీలో నాటకశాల నడిపిన బార్నెట్ లీవీ 1832 డిసెంబర్ 26న తన రాయల్ హోటల్ హాల్లో ‘బ్లాక్ ఐడ్ సూసన్’ అనే మెలోడ్రామా ఆడించి, దాని వెనక ‘మొస్యూ టాన్సన్’ అనే ప్రహసనం వేయించాడు. 1833 అక్టోబర్ 5న థియేటర్ రాయల్ తెరిచిన రాత్రి ‘ది మిల్లర్ అండ్ హిజ్ మెన్’. పిండిమర యజమానే దొంగల నాయకుడు, చివర మర మందుపాతరతో పేలిపోతుంది. దాని తర్వాత ‘ది ఐరిష్‌మన్ ఇన్ లండన్’. వెనక ఆడిన ఆ ప్రహసనాలు రెండూ రెండేసి అంకాలవి. కనుక చివర ఆడినంత మాత్రాన ఏకాంకిక కాదు. అలాంటిదాన్ని ‘ముగింపు నాటిక’ అనండి. ముఖపత్రం మీద ఒకే అంకమని స్పష్టంగా ఉంటేనే ఏకాంకిక. అప్పుడైనా మరో నామవాచకం ముందు ‘ఏకాంక’ చాలు. ‘ఏకాంకిక నాటకం’ అంటే నాటకం నాటకం అన్నట్టే. సంస్కృత లాక్షణికులు ఒకే అంకం గల రూపకాల్లో ఒకదానికి ‘అంకం’ అనే పేరు పెట్టి మనల్ని ఇంకాస్త తికమక పెట్టారు, అది వేరే సంగతి.

ఇంగ్లీషు ‘కాలనీస్’కు ‘వలసల్లో’ అసలు కుదరదు. తెలుగులో వలస అంటే పొట్టచేతబట్టుకుని ఊరు వదలడం. పాలమూరు వలస, పక్షుల వలస. ‘కాలనీల్లో’ అంటే హౌసింగ్ బోర్డు కాలనీ, అందులో వినాయక చవితి పందిరి. హిందీ వారి ‘ఉపనివేశం’ మనకు ఎక్కలేదు. ‘వలసరాజ్యాల్లో’ అనండి, అది స్థిరపడిన మాట. ఈ కథకు అది అవసరం కూడా: 1828లో న్యూ సౌత్ వేల్స్‌లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా నాటకశాల నడపకూడదు; లీవీకి చివరికి దొరికిన లైసెన్సు కూడా ఇంగ్లండ్‌లో ఆమోదం పొందిన నాటకాలే ఆడాలన్న షరతుతో దొరికింది. ‘వలస’ అని ఊరుకుంటే ఆ పాలన ఛాయ రాదు.

‘19వ శతాబ్దపు’ అన్న విశేషణాన్నీ జరపండి. మీ శీర్షికలో అది వలసలకు అంటుకుంది, అంటుకోవలసింది నాటకానికి. ‘రంగస్థల చరిత్ర’ అంటే మొత్తం నాటకరంగం చరిత్ర. ఒక్క నాటకం ఎక్కడెక్కడ ఆడిందో చెప్పేటప్పుడు ‘ప్రదర్శనల చరిత్ర’.

మూలంలో ఒకే అంకమని ఉంటే, అన్నీ సర్దాక: ‘వలసరాజ్యాల్లో ఒక 19వ శతాబ్దపు ఏకాంక మెలోడ్రామా: ప్రదర్శనల చరిత్ర’.

వ్యాసం లోపల ‘ప్రదర్శించబడింది’ అని ప్రతి పేరాలో రాయకండి. తెలుగులో నాటకం ‘ఆడుతుంది’, మనుషులు నాటకం ‘ఆడతారు’, ‘వేస్తారు’.