తారీఖు సంగతి తర్వాత, ముందు మోకాలు వంగనీ

అమ్మడూ,

సైకిల్ మీంచి పడ్డాక చేసిన ఆపరేషన్ బాగా జరిగిందనీ, విరిగిన తొడ ఎముకలో వేసిన రాడ్ సరిగ్గా కూర్చుందనీ అన్నయ్య చెప్పాడు. మనసు కుదుటపడింది. ఆ వెంటనే నీ మెసేజ్ చూశాను. అందులో నొప్పి ఊసు లేదు, నిద్ర పడుతోందో లేదో లేదు. "అత్తయ్యా, సీజన్ చివరి రేసు అందుకుంటానా?" అని ఒక్క ముక్క. ఇది ఫోన్‌లో రెండు మాటల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేను సైకిల్ రేసులు తొక్కిన రోజుల్లోనూ, పిల్లలకు కోచింగ్ ఇచ్చిన రోజుల్లోనూ పడి లేచినవాళ్లను చాలామందిని దగ్గర నుంచి చూశాను. వాళ్లను చూశాక నాకు గట్టిగా నమ్మకం కుదిరింది: కోలుకోవడానికి తారీఖు పెట్టుకోకూడదు, షరతులు పెట్టుకోవాలి. "ఫలానా నెలకల్లా రోడ్డెక్కుతా" అని కాకుండా "కర్ర లేకుండా కుంటకుండా నడిచాకే ఇండోర్ ట్రైనర్ (ఇంట్లో సైకిల్ బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) మీద జోరు పెంచుతా", "ఎక్స్‌రేలో ఎముక అతుక్కుందని డాక్టరు చెప్పాకే రోడ్డెక్కుతా" అనుకో. తారీఖు పెట్టుకున్నామా, అది దగ్గరపడేకొద్దీ వాపు కనపడదు, నొప్పిని నొప్పి అనబుద్ధి కాదు. ఆ రేసును క్యాలెండర్ నుంచి తీసెయ్. బాధగా ఉంటుందని తెలుసు. అయినా తీసెయ్.

ఎముక అతుక్కోవడానికి దాని లెక్క దానికుంది. విరిగినచోట ముందు రక్తం గడ్డకడుతుంది, తర్వాతి వారాల్లో దాని చుట్టూ మెత్తటి కణజాలం పుడుతుంది, అది మెల్లగా గట్టిపడి ఎముకవుతుంది. తొడ ఎముక లాంటి పెద్ద ఎముకకు మామూలుగా 3 నుంచి 6 నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. రాడ్ ఎముకను కదలకుండా నిలబెడుతుందే తప్ప అతికించదు. అతుక్కునే పని నీ ఒంటిదే. రాడ్ ఉందన్న ధీమాతో తొందరపడినవాళ్లు మళ్లీ ఆపరేషన్ టేబుల్ ఎక్కడం చూశాను కాబట్టి ఇంతగా చెబుతున్నాను.

నువ్వు వెంటనే డచ్ సైక్లిస్టు వాన్ వ్లూటెన్ పేరు ఎత్తుతావు. నిజమే, 2022 వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో మిక్స్‌డ్ రిలేలో పడి మోచేతి ఎముక విరిగినా, కొద్ది రోజుల్లోనే రోడ్ రేసు గెలిచింది. అది మోచెయ్యి, అమ్మా. నీది ఒంటి బరువంతా మోసే ఎముక. ఆమె నుంచే నేర్చుకోవాలనుకుంటే 2016 చూడు. రియో ఒలింపిక్స్‌లో పతకం దాదాపు చేతికందిన సమయంలో కొండ దిగుడులో పడింది. నడుం దగ్గర వెన్నెముకలో మూడుచోట్ల పగుళ్లు, తలకు దెబ్బ. అక్కడితో ఆగిపోలేదు. 2017లో టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) వరల్డ్ ఛాంపియన్ అయింది, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్ స్వర్ణం తెచ్చుకుంది. ఆ పతకానికి అయిదేళ్లు పట్టింది. బెల్జియం సైక్లిస్టు ఎవెనెపూల్ 2020 ఆగస్టులో ఇటలీలోని లొంబార్దియా రేసులో వంతెన మీంచి లోయలో పడ్డాడు, కటి ఎముక విరిగింది. 2021 మేలో నేరుగా జీరో డి'ఇటాలియా అనే ఇటలీ మూడువారాల రేసులో దిగి, మధ్యలోనే తప్పుకున్నాడు. అప్పుడు అతని పని అయిపోయిందన్నవాళ్లు ఉన్నారు. 2022లో స్పెయిన్ మూడువారాల రేసు వుయెల్టా, వరల్డ్ ఛాంపియన్‌షిప్ రెండూ గెలిచాడు. అందరికీ అలా జరుగుతుందని మాత్రం చెప్పను. నాలుగుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఫ్రూమ్ 2019 జూన్‌లో పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. 2020 ఫిబ్రవరికల్లా మళ్లీ రేసులో ఉన్నాడు గానీ, పాత స్థాయి తిరిగి రాలేదు. దెబ్బ ఎలాంటిదన్నది చాలా నిర్ణయిస్తుంది, దాన్ని దాచి నీకు ఊరటమాటలు చెప్పలేను. మిగతాది నీ చేతిలో ఉంది, ఆ మిగతా దాని గురించే ఈ ఉత్తరం.

ఇప్పుడు నీ శిక్షణంతా మంచం మీదే. మోకాలి కింద మడతపెట్టిన టవల్ పెట్టుకుని, మోకాలి వెనకభాగంతో దాన్ని కిందికి నొక్కుతూ తొడ కండరం బిగించు. మెల్లగా అయిదు అంకెలు లెక్కపెట్టి వదులు. చెయ్యి తొడ మీద పెట్టి చూడు, మోకాలి పైన లోపలివైపు కండరం గట్టిపడాలి. మొదట్లో అది అసలు కదలకపోవచ్చు. బిగించమని నువ్వు చెబుతున్నా ఆ కండరం వినదు. చాలామంది అక్కడే భయపడి ఏడుస్తారు. నువ్వు పట్టు వదలకు, రోజూ చేస్తూ ఉంటే అది మేలుకుంటుంది. పడుకుని ఉంటే కండరం ఎంత తొందరగా కరిగిపోతుందో చూస్తే దిగులేస్తుంది. మోకాలి చిప్ప పైన పది సెంటీమీటర్ల దగ్గర రెండు తొడలకూ టేపు పెట్టి కొలిచి, నెలకోసారి రాసుకో. రోజూ కొలవకు, రోజూ చూస్తే తేడా కనపడదు, నిరాశే మిగులుతుంది.

ఆ కాలి మీద ఎంత బరువు వెయ్యాలో డాక్టరే చెప్పాలి, విరిగిన తీరును బట్టి అది మారుతుంది. "ఇరవై కిలోలు వెయ్యి" అంటే మనకు తెలిసేదెలా? ఇంట్లో బరువు చూసుకునే మిషన్ పక్కన నిలబడి, వాకర్ పట్టుకుని, దెబ్బ తగిలిన కాలు దాని మీద పెట్టి ముల్లు ఇరవైకి వచ్చేదాకా మెల్లగా ఒత్తు. కొన్నిసార్లు చేస్తే ఆ బరువు ఎలా ఉంటుందో పాదానికి గుర్తుండిపోతుంది. ఇక మెట్ల దగ్గర, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. పక్కన మనిషి లేకుండా మొదట్లో ప్రయత్నించకు.

సైకిల్ సంగతికి వస్తాను, నువ్వు ఎదురుచూసేది దీనికోసమేగా. పెడల్ పూర్తిగా తిరగాలంటే మోకాలు దాదాపు 105, 110 డిగ్రీలు వంగాలి. అందాకా ట్రైనర్ మీద పూర్తి చుట్టు తిప్పలేవు, బలవంతం చెయ్యకు. ఫిజియో సరే అన్నాక సీటు కాస్త పైకి పెట్టించుకుని, పెడల్‌ను సగం దాకా ముందుకూ వెనక్కూ ఊపు. ముందుకు తిరిగేలోపే చాలామందికి వెనక్కి ఒక చుట్టు తిరుగుతుంది. ఆ మొదటి చుట్టు తిరిగిన రోజు ఎంత సంతోషంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. ఆ సంతోషంలోనే గంటసేపు తొక్కకు. ఎదురు బిగువు లేకుండా కొద్ది నిమిషాలు చాలు. పవర్ మీటర్, హార్ట్ రేట్ బెల్టు కొన్నాళ్లు డబ్బాలోనే ఉండనీ.

ఎంత చెయ్యాలో ఎలా తెలుస్తుందంటావా? మర్నాడు ఉదయం లేచాక కాలినే అడుగు. నిన్నటికంటే వాపు పెరిగినా, నొప్పి ఎక్కువైనా నిన్న చేసింది ఎక్కువైనట్టే, తగ్గించు. అలసిన కండరం సలపరం రాత్రికి తగ్గిపోతుంది, దాని గురించి కంగారు వద్దు. విరిగినచోటే పొడిచినట్టు నొప్పి వస్తే అక్కడికక్కడే ఆపి ఫిజియోకు చెప్పు. రేసులో మనం నొప్పిని పట్టించుకోకుండా తొక్కడం నేర్చుకున్నాం, అదే మన గొప్ప అనుకున్నాం. ఇప్పుడు ఆ అలవాటు నీకు శత్రువు. నొప్పి చెప్పేది వినడం కొత్తగా నేర్చుకోవాలి.

కొన్ని లక్షణాలకు మాత్రం మర్నాటి దాకా ఆగకూడదు. పిక్క వాచి, వెచ్చబడి, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందేమో అనుకోవాలి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. అలాంటప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి. ఇది అమ్మకూ నాన్నకూ కూడా చదివి వినిపించు. రక్తం పలచబడే మందు ఇచ్చి ఉంటే డోసు మానకు. కుట్ల చుట్టూ ఎర్రబడినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా అదే రోజు ఫోన్ చెయ్యి.

తలకు తగిలిన దెబ్బ సంగతి నువ్వు దాటవేస్తున్నావని వదిన అంటోంది. వెలుతురు చూస్తే చిరాకు, సాయంత్రానికి తలనొప్పి, చిన్న మాటకే కోపం. ఇవన్నీ తల అదిరినప్పుడు ఉండేవే. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది, లోపల మెదడు కుదుపును పూర్తిగా ఆపలేదు. మొదటి ఒకటి రెండు రోజుల తర్వాత చీకటి గదిలోనే పడుండనక్కర్లేదు, లక్షణాలు పెరగనంత వరకు కొద్దికొద్దిగా మామూలు పనులు చేసుకోవచ్చు. ఫోన్ మాత్రం తగ్గించు. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మత్తుగా ఉంటున్నా వెంటనే చూపించాలి. లక్షణాలు పూర్తిగా పోయి డాక్టరు రాసిచ్చేదాకా గుంపులో తొక్కడం అనే మాటే లేదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే జరిగే నష్టం తొడ ఎముక విరగడం లాంటిది కాదు. ఈ ఒక్క విషయంలో నీ మాట నేను వినను.

తిండి తగ్గించావని తెలిసింది. "తొక్కట్లేదుగా, లావైపోతాను" అన్నావట. తల్లీ, ఎముక కట్టుకోవడానికీ, గాయాలు మానడానికీ ఒంటికి చాలా శక్తి కావాలి. నీకిది డైటింగ్ చేసే కాలం కాదు. ప్రోటీన్ కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల దాకా అందేలా చూసుకో, పూటపూటకూ పంచుకుని తిను. విటమిన్ డి పరీక్ష చేయించమని అడుగు. ఇంకో మాట, ఆడవాళ్లం కాబట్టి మొహమాటం లేకుండా అడుగుతున్నాను. దెబ్బ తగలకముందు సీజన్‌లో నీకు నెలసరి ఆగిపోతూ ఉండేదా? శిక్షణకు తగినంత తినకపోతే అలా జరుగుతుంది, దానివల్ల ఎముకలు పలచబడతాయి. ఉంటే డాక్టరు దగ్గర దాచకు. ఎలాగూ సైకిల్ తొక్కడం ఎముకకు బరువు పెట్టే వ్యాయామం కాదు. ఏళ్లతరబడి రోడ్ రేసులు తొక్కేవాళ్లలో నడుం ఎముకల సాంద్రత తక్కువగా ఉండటం మామూలే. అందుకని పూర్తిగా కోలుకున్నాక కూడా నడక, బరువులెత్తడం నీ వారంలో శాశ్వతంగా ఉండాలి. మా రోజుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. అది చాలా అన్యాయం అనిపిస్తుంది నాకు.

ఎముక అతుక్కున్నాక అసలు సంగతి మొదలవుతుంది, అది భయం. దిగుడులో బ్రేకు మీద నుంచి వేళ్లు తీయబుద్ధి కాదు. పక్కవాడి హ్యాండిల్ దగ్గరికొస్తే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఒళ్లు బిగిస్తే సైకిల్ ఇంకా అదుపు తప్పుతుంది. ఇది పిరికితనం కాదు, బతకాలని ఒళ్లు చేసే పని. డచ్ సైక్లిస్టు యాకబ్సెన్ 2020లో టూర్ ఆఫ్ పోలాండ్ స్ప్రింట్‌లో చావు అంచుదాకా వెళ్లి, 2021లో వుయెల్టాలో మూడు స్టేజీలు గెలిచాడు. అలాంటివాడు కూడా ఆ భయంతోనే మళ్లీ మొదలుపెట్టాడు. మెట్టుమెట్టుగా వెళ్లు. ముందు బండ్లు లేని చదును దారిలో ఒంటరిగా, పొడి రోడ్డు మీద. తర్వాత ఒకే మలుపు ఎంచుకుని, అదే మలుపు మెల్లగా, మళ్లీ కొంచెం వేగంగా. చూపు మలుపు దాటాక వచ్చే రోడ్డు మీద ఉంచు, భుజాలు వదులుగా ఉంచు. అటు తర్వాత నువ్వు బాగా నమ్మే ఒక్కరి వెనక. గుంపులో తొక్కడం అన్నిటికంటే చివర.

పడినప్పటి వీడియో పదేపదే చూస్తున్నావట, మానెయ్. దానిలో నువ్వు కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. నెల దాటినా ఆ దృశ్యం నిద్రలో వచ్చి లేపుతుంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్దాం, కాలికి ఫిజియో ఎంత అవసరమో ఇదీ అంతే. తోటివాళ్ల రైడ్లు రోజూ చూసి కుమిలిపోతుంటే ఆ యాప్ కొన్నాళ్లు తీసెయ్, వాళ్లతో మాత్రం మాటలు మానకు.

ఆ హెల్మెట్ పైకి బాగానే ఉందని దాచుకోకు. లోపలి ఫోమ్ ఒక్క దెబ్బకే నలిగిపోతుంది, దాంతో దాని పని అయిపోతుంది. కార్బన్ ఫ్రేమ్, ఫోర్కు, హ్యాండిల్ తెలిసినవాళ్లతో చూపించాలి, పెయింట్ కింద పగులు కంటికి కనపడదు. ఆ పని అన్నయ్యకు అప్పగించాను.

"ఇంక రేసులు వద్దు" అని అమ్మ అంటే వాదించకు. హాస్పిటల్ కారిడార్లో తను పడ్డ టెన్షన్ నువ్వు చూడలేదు. మళ్లీ రేసు తొక్కాలా వద్దా అనేది ఇప్పుడు తేల్చనక్కర్లేదు. నీకే తొక్కబుద్ధి కాకపోతే అదీ మంచిదే, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. వదినతో నేను మాట్లాడతాను.

వచ్చే ఎక్స్‌రే రోజున నేనూ వస్తాను. డాక్టరు ముందు కూర్చుంటే అన్నీ మర్చిపోతాం, కాబట్టి కాగితం మీద రాసి ఉంచు: కొత్త ఎముక ఎంతవరకు కట్టింది, బరువు ఇప్పుడు ఎంత వెయ్యొచ్చు, మోకాలు వంచడంలో పరిమితి ఏమైనా ఉందా, నొప్పి మాత్రలు ఎప్పుడు తగ్గించాలి, రెండు కాళ్ల పొడవు సమంగా ఉందా, రాడ్ తీస్తారా ఉంచేస్తారా. నీకు తోచినవి ఇంకేమైనా ఉంటే కింద చేర్చు.

ఆశీస్సులతో,
అత్తయ్య