తెడ్డు పట్టుకున్న చేతికి తగిన కెమెరా

చిట్టికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన లిస్టు నిదానంగా చూశాను. నాలుగు కెమెరాల పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన అది ఎన్ని మీటర్ల లోతు తట్టుకుంటుందో వేసి, అన్నిటికంటే ఎక్కువ లోతున్న దానికి టిక్ పెట్టావు. కొనేవాళ్లందరూ ముందు చూసేది ఆ అంకెనే. కానీ నువ్వు వెళ్లేది మన చెన్నై దగ్గరి ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌కీ, దాని పక్కనున్న కోవళం తీరానికీ, సెలవు దొరికితే పిచ్చావరం మడ అడవులకీ. కయాక్ అనే ఆ సన్నటి తెడ్డు పడవలో కూర్చున్న మనిషి చేతిలో ఉన్న కెమెరా నీళ్లలోకి పోయేది మహా అయితే మోచేతి లోతు. 15 మీటర్లు తట్టుకునేదైనా, 30 మీటర్లు తట్టుకునేదైనా నీకు ఒకటే. లోతు వల్ల పాడైన కెమెరా మన గుంపులో ఒక్కటీ నేను చూడలేదు. పాడైనవన్నీ ఉప్పు వల్ల, ఇసుక వల్ల, తడి చేత్తో బ్యాటరీ మూత తీయడం వల్ల పాడైనవే. మిగతావి చేయి జారి మునిగిపోయాయి. కాబట్టి ఆ టిక్కు కొట్టేసి మళ్లీ మొదటి నుంచి ఆలోచిద్దాం. ఒక చేత్తో తెడ్డు పట్టుకుని, ఇంకో తడి చేత్తో తీసి, నొక్కి, మళ్లీ జేబులో పెట్టుకోగలిగే కెమెరా నీకు కావాలి.

ముందు ఫోన్ సంగతి తేల్చేద్దాం. "నా ఫోన్ ఐపీ68 కదా అత్తయ్యా, వేరే కెమెరా ఎందుకు" అని అడిగావు. ఐపీ అన్నది దుమ్ముని, నీళ్లని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి చూసే పరీక్ష. ఐపీ68 అంతకంటే కఠినమైనది, ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారుచేసినవాళ్లే చెబుతారు. రెండూ కదలని మంచినీళ్లలో, కొత్త వస్తువు మీద చేసే పరీక్షలు. ఎగిరి వచ్చి కొట్టే అల సంగతి, ఛార్జింగ్ పోర్టులో ఎండి గడ్డకట్టే ఉప్పు సంగతి వాటిలో లేవు. నీళ్లు పోయి పాడైతే మామూలు వారంటీ కింద చాలా కంపెనీలు ఒప్పుకోవు. పైగా తడి వేళ్లకి టచ్‌స్క్రీన్ సరిగ్గా పలకదు. వీటన్నిటికంటే నాకు ముఖ్యమైన కారణం వేరే ఉంది. నీళ్ల మీద ఏదైనా జరిగితే ఒడ్డుకి కబురు చేసేది ఆ ఫోనే. దాన్ని నీళ్లు చొరని డ్రై పౌచ్‌లో వేసి, గట్టిగా మూసి, లైఫ్ జాకెట్ జేబులో పెట్టుకో. ఫొటోల కోసం మాటిమాటికీ బయటికి తీయకు.

ఇక కెమెరా. నీ లిస్టులో నేనైతే తీసుకునేది ఓఎం సిస్టమ్ టీజీ-7. ఒలింపస్ పేరుతో వచ్చిన టఫ్ కెమెరాల వరసలోదే ఇది, 2023లో వచ్చింది. 15 మీటర్ల లోతు, 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకునేలా తయారుచేశారు. నాకు నచ్చింది మాత్రం ఆ అంకెలు కాదు. దానికి టచ్‌స్క్రీన్ లేదు, అన్నీ బటన్లే. తడి చేతికైనా, గ్లవ్స్ వేసుకున్న చేతికైనా బటన్ పలుకుతుంది. జూమ్ చేసినా లెన్స్ బయటికి పొడుచుకు రాదు, కాబట్టి ఇసుక పోయే సందు ఉండదు. జూమ్ చేయనప్పుడు ఎఫ్/2 వరకు, అంటే బాగా వెడల్పుగా తెరుచుకుని ఎక్కువ వెలుతురు తీసుకునే లెన్స్. దాని విలువ పిచ్చావరంలో తెలుస్తుంది. చెట్ల కొమ్మలు నెత్తిమీద కలిసిపోయిన సన్నటి కాలవల్లో పట్టపగలే వెలుతురు చాలదు. ఒడ్డున వేళ్ల మీద పాకే చిన్న పీతని ఒక సెంటీమీటరు దగ్గర నుంచి కూడా తీస్తుంది. 12 మెగాపిక్సెళ్లే కదా అనుకోకు, గోడకి ఫ్రేమ్ కట్టించుకోవడానికి అవి చాలు. దీనికి ఉన్న లోటు కూడా చెబుతాను. సెన్సార్ చిన్నది, సాయంత్రం పొద్దు గుంకాక తీసిన ఫొటోల్లో ముఖాలు గరుకుగా వస్తాయి. జూమ్ నాలుగింతలే.

నీకు ఫొటోల కంటే వీడియో మీద మోజు ఉంటే యాక్షన్ కెమెరా తీసుకో. గోప్రో హీరో5 వచ్చిన 2016 నుంచి ఆ వరసలో చాలా కెమెరాలు పై డబ్బా లేకుండానే 10 మీటర్లు తట్టుకుంటున్నాయి. కయాక్ ముక్కు మీద బిగించి వదిలేస్తే చేతులు రెండూ తెడ్డుకే ఉంటాయి, కుదుపులు కూడా అదే సర్దుకుంటుంది. కానీ దాని చూపు మరీ వెడల్పు. పక్క కయాక్‌లో ఉన్న నీ ఫ్రెండ్ చీమంత కనిపిస్తుంది. బిగించేటప్పుడు అతికించే బిళ్లని ఒక్కదాన్నే నమ్మకు. ఎండకి కాగి, ఉప్పుకి నాని అది ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం. ఒక సన్నటి తాడుతో కయాక్‌కి కూడా కట్టు.

షాపులో ఏం చూడాలో చెబుతాను. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అయినా ఇంకెక్కడైనా, ఆన్‌లైన్‌లో కొనేముందు ఒకసారి చేతిలో పట్టుకుని చూడు. కుడి చేత్తో మాత్రమే పట్టుకుని, ఎడమ చేయి వెనక్కి పెట్టుకుని, ఆన్ చేసి, జూమ్ చేసి, ఫొటో తీసి, ఆఫ్ చెయ్యి. బొటనవేలు ఎక్కడైనా తడబడితే అది నీ కెమెరా కాదు. తర్వాత షాపువాళ్లని అడిగి దాన్ని వీధిలోకి, ఎండలోకి తీసుకురా. లోపల ట్యూబ్‌లైట్ కింద మెరిసిపోయే స్క్రీన్ మన మధ్యాహ్నపు ఎండలో నల్లగా అయిపోతుంది. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచినా మనుషులు ఎక్కడున్నారో కనబడకపోతే నీళ్ల మీద నువ్వు తీసేదంతా ఊహే. బ్యాటరీ మూతకి ఒక లాక్ ఉందా, రెండున్నాయా చూడు. రెండున్నది మేలు, లైఫ్ జాకెట్‌కి రాసుకుని పొరపాటున తెరుచుకోదు. రంగు విషయంలో మొహమాటపడకు, ఎరుపో నారింజో తీసుకో. నలుపు అందంగానే ఉంటుంది, కానీ ముట్టుకాడు నీళ్ల అడుగున ఉన్నది నల్ల బురదే.

ఈ కెమెరాలు తేలవు, చిట్టీ. వాటర్‌ప్రూఫ్ అంటే నీళ్లలో మునిగినా పనిచేస్తుందని మాత్రమే అర్థం. తేలదన్న మాట డబ్బా మీద రాసి ఉండకపోవచ్చు. కెమెరాతో పాటే ఫ్లోటింగ్ స్ట్రాప్ కొను, స్పాంజితో లావుగా ఉంటుంది చూడు, అది. అన్నీ ఒకేలా తేలవు. ఇంట్లో బకెట్ నిండా నీళ్లు పోసి, స్ట్రాప్ తగిలించి వదిలి చూడు. స్పాంజి నీళ్లపైన బాగా కనబడాలి, అరకొరగా తేలితే అలల్లో కనిపించదు. దాన్ని మణికట్టుకే వేసుకో, మెడలో వేసుకోకు. కయాక్ తిరగబడినప్పుడు మెడలో ఏ తాడూ ఉండకూడదు.

కెమెరా బతకాలంటే నువ్వు చూసుకోవాల్సింది మూత లోపలి రబ్బరు. బ్యాటరీ మూత తెరిస్తే అంచు చుట్టూ సన్నటి రబ్బరు పట్టీ కనిపిస్తుంది. నీళ్లకీ లోపలి సర్క్యూట్‌కీ మధ్య అడ్డం అదొక్కటే. ప్రతిసారీ మూసేముందు కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, మూతని కొంచెం వంచి చూడు. ఒక తలవెంట్రుక అడ్డంగా పడి ఉన్నా, ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా, తువ్వాలు నూలు పోగు ఉన్నా, అక్కడ రబ్బరు పూర్తిగా నొక్కుకోదు. ఆ వెంట్రుక పక్క నుంచే నీళ్లు దారి చేసుకుంటాయి. పొడి, మెత్తటి గుడ్డతో రబ్బరునీ, అది ఆనే అంచునీ తుడువు. నోటితో ఊదకు, తుంపర పడుతుంది. రబ్బరు ఏడాదికోసారి సర్వీస్ సెంటర్‌లో మార్పించు, పగుళ్లు కనిపించకపోయినా సరే. కెమెరా గట్టిగా కింద పడిందంటే, పైకి గీత కూడా లేకపోయినా, ఒకసారి చూపించాకే నీళ్లలోకి తీసుకెళ్లు.

బ్యాటరీ, కార్డు ముందు రోజు రాత్రే ఏసీ గదిలో వేసి మూసెయ్. పెద్ద కార్డు, నిండా ఛార్జ్. ఇంటికి తిరిగి వచ్చేదాకా మళ్లీ తెరవకు. తీరంలో తెరిస్తే ఇసుక భయం ఒకటి, మన చెన్నై ఉక్క గాలి లోపలికి పోవడం ఇంకొకటి. ఆ తేమ గాలితో మూసిన కెమెరా కారులో కాగి కాగి, నీళ్లలో ఒక్కసారి చల్లబడగానే లెన్స్‌కి లోపలి నుంచి మసక కమ్ముతుంది. బయట ఎంత తుడిచినా పోదు, ఆ రోజుకి ఫొటోలు అయిపోయినట్టే. దారిలో కూడా కెమెరాని డాష్‌బోర్డు మీద పెట్టకుండా నీ బ్యాగులోనే ఉంచు.

ఇంటికి రాగానే స్నానానికి పోకముందే కెమెరాని మంచినీళ్లలో ముంచు. మూత వేసే ఉంచి, ఒక పది నిమిషాలు నాననిచ్చి, నీళ్లలోనే బటన్లన్నీ ఒకటికి రెండుసార్లు నొక్కు, సందుల్లో ఉప్పు కరిగి బయటికి వస్తుంది. ధారగా పడే కుళాయి కింద పెట్టకు, ముంచితే తట్టుకునేదల్లా జోరుగా కొట్టే ధారని తట్టుకోవాలని లేదు. వేడినీళ్లు అసలే వద్దు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) వైపు చాలా ఇళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. మీ అపార్ట్‌మెంట్‌లోనూ అంతే కదా. ఒక చిన్న గిన్నెడు క్యాన్ నీళ్లు దీనికి కేటాయించు. తర్వాత తుడిచి నీడలో ఆరబెట్టు. పూర్తిగా ఆరాకే మూత తియ్.

ఫొటో తీసేటప్పుడు అన్నిటికంటే విసిగించేది లెన్స్ మీద నీటి చుక్క. స్క్రీన్ మీద కనబడదు, ఇంటికొచ్చి చూస్తే అందరి మొహాల మీదా మసక మచ్చ. చొక్కాతో తుడిస్తే చుక్క పోయి ఉప్పు మరక మిగులుతుంది. ముందు లెన్స్‌ని నీళ్లలో ముంచి తియ్, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో అద్దు. గుడ్డ జిప్ కవర్లో పెట్టి టోపీ లోపల దాచుకో, కయాక్‌లో పొడిగా ఉండే చోటు అదొక్కటే. కయాక్ ఊగుతూనే ఉంటుంది కాబట్టి స్పోర్ట్స్ మోడ్ పెట్టు, లేదా షట్టర్ వేగం సెకనులో 500వ వంతు కంటే నెమ్మదిగా పోకుండా చూసుకో. మిట్టమధ్యాహ్నం టోపీ నీడలో ముఖాలు నల్లగా వస్తాయి, అప్పుడు ఎండ ఉన్నా ఫ్లాష్ వెయ్.

పులికాట్ ఫ్లెమింగోల గురించి అడిగావు. వాటికి ఈ కెమెరాలు చాలవు. అంత చిన్న జూమ్‌కి అవి నీళ్ల మీద గులాబీ చుక్కల్లా వస్తాయి. దగ్గరికి పోదామని కయాక్ తోలితే మొత్తం గుంపు లేచిపోతుంది. శీతాకాలంలో మేత కోసం వచ్చిన పక్షుల్ని అలా లేపడం నాకు అస్సలు ఇష్టం ఉండదు, నువ్వూ చేయకు. నాన్న దగ్గరున్న పెద్ద జూమ్ కెమెరా తీసుకుని, సూళ్లూరుపేట వైపు నుంచి వెళ్లి, గట్టు మీద నిలబడి తియ్. పడవ ఎక్కితే మాత్రం దాన్ని మూతి చుట్టి బిగించే డ్రై బ్యాగులో పెట్టు.

పాత కెమెరా చవగ్గా వస్తోందన్నావు. నేనైతే వద్దంటాను. "ఒక్కసారి కూడా నీళ్లలో పెట్టలేదు" అన్నా సరే, బీరువాలో ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. తప్పనిసరైతే బ్యాటరీ గది తెరిచి చూడు. లోహపు పలకల మీద తెల్లటి పొడో, ఆకుపచ్చ పొడో కనబడితే లోపలికి నీళ్లు పోయినట్టే, వదిలేసి రా.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. బ్యాక్‌వాటర్ సముద్రంలో కలిసే మొగ దగ్గర, అలలు విరిగే చోట కెమెరా బయటికి తీయకు. అక్కడ రెండు చేతులూ తెడ్డు మీదే ఉండాలి. తిరగబడితే ముందు కయాక్‌ని పట్టుకో, తర్వాత తెడ్డుని. కెమెరా ఎటుపోతే అటు పోనీ, స్ట్రాప్ ఉంటే తేలుతుంది, లేకపోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

కొనగానే బిల్లు, వారంటీ కార్డు ఫొటో తీసి నాన్నకీ నాకూ పంపు. వాపసు గడువు లోపలే ఇంట్లో బకెట్ నీళ్లలో అరగంట ఉంచి చూడు, లీకైతే అక్కడే తేలిపోతుంది, మార్చుకోవచ్చు. స్ట్రాప్ తేలలేదంటే కొత్తది కొనకు, నా దగ్గర నారింజ రంగుది ఒకటి అదనంగా ఉంది. ఆదివారం తిరువాన్మియూరు వచ్చినప్పుడు తీసుకెళ్లు.

ప్రేమతో,
అత్తయ్య