ఆదివారం ఫోన్లో ఏడుపు

ప్రశ్న: మాది కరీంనగర్. మా అమ్మాయికి 12 ఏళ్లు. ఈ ఏప్రిల్‌లో డెహ్రాడూన్‌లోని ఒక ప్రైవేటు ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లో ఏడో తరగతిలో చేర్పించాం. ఆదివారం మాత్రమే ఫోన్. లైన్లోకి రాగానే ‘అమ్మా, నన్ను తీసుకెళ్లిపో’ అని ఏడుస్తోంది. తన హిందీ విని పిల్లలు నవ్వుతున్నారట. పోయిన నెల అక్కడే పెద్దమనిషి అయింది. రెండు రోజులు ఎవరికీ చెప్పుకోలేదట. వెంటనే తీసుకొచ్చి ఫంక్షన్ చేయాలని మా అత్తగారు పట్టుబడుతున్నారు. ‘అదే అలవాటవుతుంది, ఫీజు మొత్తం కట్టేశాం’ అంటారు మావారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ‘రెండు రోజులు ఎవరికీ చెప్పుకోలేదట’ అన్న చోటే నేను ఆగిపోయానమ్మా. ఫోన్లో ఏడుపు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. కొత్త చోట ఇంటి మీద బెంగ ఏ పిల్లకైనా ఉంటుంది. కానీ అంత అవసరం వచ్చినప్పుడు కూడా వెళ్లి అడగడానికి అక్కడ తనదనుకునే మనిషి ఒక్కరూ లేకపోయారు. తీసుకురావాలా, ఉంచాలా అన్నది తర్వాత. ముందు ఆ ఒక్క మనిషి దొరకాలి.

నేనూ ఎనిమిదో తరగతి నుంచి హాస్టల్లో చదివినదాన్నే. నాన్న చూసి వెళ్లిపోతుంటే గేటు ఊచలు పట్టుకుని, బస్సు మలుపు తిరిగేదాకా ఏడ్చేదాన్ని. మా వార్డెనమ్మ వచ్చి, ఏమీ అనకుండా నా జడలు విప్పి, నూనె రాసి, మళ్లీ అల్లేది. రెండో జడ పూర్తయ్యేసరికి ఏడుపు ఆగిపోయేది. ఆమె మంచి మాటలేం చెప్పలేదు. అయినా జ్వరమొస్తే ఎవరి గదికి వెళ్లాలో నాకు ఆ రోజు నుంచే తెలుసు.

అమ్మ గొంతు వినగానే పిల్లలకు దుఃఖం పొంగుతుంది. అందుకే ఆదివారం ఫోన్ ఒక్కటే చూసి నిర్ణయానికి రాకండి. హాస్టల్లో పిల్లల బాగోగులు చూసే హౌస్ మిస్ట్రెస్‌తో మీరు విడిగా మాట్లాడండి. ‘బాగానే ఉందండీ’ అంటే వదలకండి. ఫోన్ పెట్టేసిన పావుగంటకి ఏం చేస్తోంది? మెస్‌లో ఎవరి పక్కన కూర్చుంటోంది? కడుపునొప్పి, తలనొప్పి అంటూ తరచూ సిక్ రూమ్‌కి వెళ్తోందా? బెంగ అయితే వారం వారం కొంచెమైనా తగ్గుతుంది, ఒక్క స్నేహితురాలి పేరైనా మాటల్లో దొర్లుతుంది. తిండి, నిద్ర, చదువు మూడూ పాడైతే అది వట్టి బెంగ కాదు.

ఏడుస్తున్నప్పుడు ‘ఇంకో నెల చూడు, నచ్చకపోతే తెచ్చేస్తా’ అని మాత్రం అనకండి. ఆ నెలంతా రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది, అక్కడ ఎవరితోనూ కలవదు.

హిందీ విషయం చిన్నది కాదు. రోజుకు పది గంటలు నోరు తెరవడానికి భయపడే పిల్ల ఎంత ఒంటరిదో ఆలోచించండి. సాయంత్రం పిల్లలు కూర్చుని చదువుకునే ప్రెప్ టైమ్‌లో విడిగా హిందీ నేర్పించమని అడగండి. నవ్వడం ఎగతాళి దాకా వెళ్తుంటే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా చెప్పండి. మీరు మాత్రం వారానికో ఉత్తరం తెలుగులో రాయండి. తన భాషలో వచ్చిన కాగితం దిండు కింద ఉంటే పిల్లకు ఎంతో ధైర్యం.

మీ అత్తగారిది ప్రేమే. కానీ ఫంక్షన్ కోసం మధ్యలో తీసుకొస్తే, తను దాచుకున్న విషయం స్కూలంతా తెలుస్తుంది. దీపావళి సెలవులకు వచ్చినప్పుడు చేసుకోవచ్చు, అదీ అమ్మాయిని అడిగాకే. ఈలోగా స్కూలు ఒప్పుకుంటే నానమ్మ చేత్తో చేసిన నువ్వుల ముద్దలు ఒక డబ్బా పంపండి.

మీవారి ఆలోచనా తప్పు కాదు. 1943లో జైపూర్‌లో మహారాణి గాయత్రీదేవి ఆడపిల్లల బడి పెట్టింది పరదా చాటు నుంచి వాళ్లను బయటికి తేవడానికే. ఇలాంటి చోట్ల టీమ్ కెప్టెన్ దగ్గర్నుంచి ల్యాబ్‌లో ప్రయోగం దాకా అన్నీ ఆడపిల్లలే చేస్తారు, ‘ఇది మగపిల్లల పని’ అనేవాళ్లుండరు. అది నిజంగా గొప్ప లాభం. ఫీజు కట్టేశామన్నది మాత్రం పిల్లను ఉంచడానికి కారణం కాకూడదు. తొమ్మిదో తరగతిలో బోర్డు పరీక్షలకు రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ తర్వాత స్కూలు మార్చడం కష్టం. కాబట్టి వచ్చే మార్చిలో ముగ్గురూ కూర్చుని నిర్ణయించుకోండి. ఆ సంగతి ఇప్పుడే తనకు చెప్పండి. ఈ నెలలోనే ఇద్దరూ వెళ్లి ఒక రోజు తనతో గడిపి రండి.

ఎవరైనా కొట్టారని, తాకకూడని చోట తాకారని చెప్పినా, చచ్చిపోవాలనుందని అన్నా మార్చి దాకా ఆగొద్దు. వెంటనే స్కూలుకు ఫోన్ చేసి ఒక పెద్దవాళ్లను పక్కనే ఉండమని, ఆ రోజే బయల్దేరండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. మానసిక సాయానికి టెలీ మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

ముందు రేపు ఉదయమే హౌస్ మిస్ట్రెస్‌కు ఫోన్ చేయండి. ప్యాడ్లు ఎవరిని అడగాలి, అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే ఎవరి తలుపు తట్టాలి? ఆ మనిషి పేరు వచ్చే ఆదివారం మీ అమ్మాయి నోట మీరు వినాలి.