గవర్నర్‌కు జనం ఓటేస్తారా?

ప్రశ్న: సార్, నమస్తే. దేవరకొండలో మీ దగ్గర పదో తరగతి చదివినోణ్ని. ‘మన రాష్ట్ర గవర్నర్‌ను ఎవరు నియమిస్తారు’ అన్న ప్రశ్నకు ‘ప్రజలు ఓటేసి’ అని రాస్తే మార్కు కోసిండ్రు. ఇప్పుడు మా కొడుకు కెన్యాలో, నైరోబీలో నౌకరీ చేస్తుండు. ఆడ గవర్నర్‌కు జనమే ఓటేస్తరట! మరి ముఖ్యమంత్రి ఏం చేస్తడు? నా మార్కు సంగతేంది?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మీవాడు చెప్పింది నిజమే. కెన్యాలో ముఖ్యమంత్రి అన్న పదవే లేదు. దేశం మొత్తం 47 కౌంటీలు. ఒక్కో కౌంటీకి ఒక గవర్నర్. ఐదేళ్లకోసారి జనం ఓటుతో వస్తాడు, రెండుసార్లకు మించి కుదరదు. దవాఖానలు, కౌంటీ రోడ్లు, వ్యవసాయం ఆయన కిందికి వస్తాయి. పోలీసులు మాత్రం రారు. మన కలెక్టర్ పని కొంత, జడ్పీ చైర్మన్ పని కొంత కలిపి నేరుగా ఓటుకు నిలబెడితే ఎట్లుంటుందో అట్ల అనుకో. పని చెడగొడితే కౌంటీ సభ అభిశంసిస్తుంది, సెనేట్ విచారించి దించేస్తుంది. 2020 డిసెంబరులో నైరోబీ గవర్నర్ పదవి అట్లనే పోయింది.

పోలింగ్ నాడు ఒక్కో ఓటరు చేతికి ఆరు బ్యాలెట్లు, ఆరు రంగులు: అధ్యక్షుడు, గవర్నర్, సెనేటర్, ఎంపీ, కౌంటీ సభ్యుడు, కౌంటీ నుంచి పార్లమెంటుకు వెళ్లే మహిళా ప్రతినిధి. మన పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్‌కు గులాబీ, వార్డు మెంబరుకు తెలుపు, రెండే కాగితాలు. వాటికే ముసలవ్వలు ‘ఏది ఎందులెయ్యాలె బిడ్డా’ అని అడిగేవాళ్లు. పోలింగ్ డ్యూటీలో ఎన్నిసార్లు చెప్పానో! అయినా బ్యాలెట్ల గురించి నల్లగొండోళ్లకు ఎవరు చెప్పాలి? 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని పార్లమెంటుకు 480 మంది నిలబడితే బ్యాలెట్ పుస్తకమంత అయింది.

కెన్యా ఈ పద్ధతికి ఊరికే రాలేదు. 2007 డిసెంబరు ఎన్నికల ఫలితం మీద గొడవలు లేచి వెయ్యి మందికి పైగా చనిపోయారు. కుర్చీ ఎవరిదైతే సొమ్మంతా వాళ్ల తెగకే పోతుందన్న భయం పాతదే. అందుకని 2010 రాజ్యాంగంలో దేశ ఆదాయంలో కనీసం 15 శాతం కౌంటీలకు ఇచ్చి తీరాలని రాసుకున్నారు. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినోళ్లం, ఆ కడుపుమంట మనకు తెలియనిదా? అధ్యక్షుడికీ ఒక మెలిక పెట్టారు: మొత్తం ఓట్లలో సగం దాటితే చాలదు, కనీసం 24 కౌంటీల్లో నాలుగో వంతు చొప్పున రావాలి. ఒక్క తెగను నమ్ముకుంటే గట్టెక్కలేడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మంత్రులు పార్లమెంటు సభ్యులై ఉండకూడదు. మనకు పూర్తిగా తలకిందులు.

ఇక నీ మార్కు. ప్రశ్నలో ‘మన రాష్ట్ర’ అని ఉందని నువ్వే రాశావు కదా. తిరిగి రాదు.