శిరీషకు, షెంజెన్ వీసా ఫైలు గురించి

చి.ల.సౌ. శిరీషకు పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాను చూశాను. మే 10న పారిస్‌లో దిగడం, అక్కడ నాలుగు రాత్రులు, తర్వాత స్విట్జర్లాండ్‌లో ఐదు, ఆఖరున రోమ్‌లో మూడు, 22న రోమ్ నుంచే తిరుగు విమానం. బాగానే వేసుకున్నారు. కానీ చివర్లో "ఫ్రాన్స్‌కి అర్జీ ఇచ్చే స్లాటు ఖాళీగా ఉంది, బుక్ చేసేస్తున్నా" అని రాశావే, అక్కడ ఆగు.

యూరప్‌లో షెంజెన్ దేశాలు ఇప్పుడు 29. వీసా ఒకటే, అన్నిటికీ చెల్లుతుంది. అర్జీ ఎవరికి పెట్టాలన్నది మాత్రం మన ఇష్టం కాదు. ఎక్కడ ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే పెట్టాలి. మీ లెక్కలో అది స్విట్జర్లాండ్. ముందు పారిస్‌లో దిగుతున్నాం కదా అంటే కుదరదు. నాలుగు, నాలుగు, నాలుగు రాత్రులని సమానంగా పెట్టుకుంటేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది, అప్పుడు ఫ్రాన్స్‌కి పెట్టొచ్చు. స్లాటు దొరికిన దేశానికి అర్జీ పెట్టి, వీసా వచ్చాక వేరే దేశంలో తిరగడం చాలామంది చేస్తున్నదే. సరిహద్దులో హోటల్ బుకింగులు చూపించమంటే దొరికిపోతారు. వీసా రద్దు చేసే అధికారం వాళ్ళకుంది. కాబట్టి స్విస్ స్లాటు దొరక్కపోతే ప్రయాణం ప్లానునే నిజంగా మార్చుకో, కాగితం మీద మాత్రం మార్చకు. లండన్ కూడా చూసొద్దామని అల్లుడు గారికి మనసైతే దానికి వీసా వేరే. పైగా మధ్యలో లండన్ వెళ్ళి మళ్ళీ పారిస్‌కొస్తే షెంజెన్‌లోకి రెండోసారి వచ్చినట్టే, ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ వీసా సరిపోదు.

ఇక గడువులు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అర్జీ తీసుకుంటారు. ఆఖరు గడువు 15 రోజుల ముందు, అంటే మీకు ఏప్రిల్ 25. అంతదాకా ఆగొద్దు. నిర్ణయం చెప్పడానికి వాళ్ళకు 15 రోజులు గడువు, అవసరమైతే 45 రోజులకు పెంచుకోవచ్చు. మనవాళ్ళంతా పిల్లల సెలవులకే బయల్దేరతారు గనుక మార్చి, ఏప్రిల్‌లో స్లాట్ల కోసం కొట్టుకుంటారు. సంక్రాంతి వెళ్ళగానే స్లాటు పట్టుకుని ఫిబ్రవరిలో ఫైలు ఇచ్చేయండి. ఫైలిచ్చాక పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గరే ఉంటాయి, ఆ మధ్యలో వేరే విదేశీ ప్రయాణం పెట్టుకోవద్దని అల్లుడు గారికి చెప్పు.

పాస్‌పోర్టులు ముగ్గురివీ తీసి బల్ల మీద పెట్టుకుని మూడు సంగతులు చూడు. ఇచ్చి పదేళ్ళు దాటకూడదు. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు, అంటే ఆగస్టు 22 దాకా, చెల్లుబాటు ఉండాలి. రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే అయిపోతుంది కాబట్టి బాబుది ముందు చూడు.

కాన్సులేటులో కూర్చున్న ఆఫీసరు మీ ముఖాలు చూడడు. కాన్సులేటు తరఫున అర్జీలు తీసుకునే వీఎఫ్ఎస్ అనే సంస్థ కౌంటరులో ఫైలు తీసుకునే అమ్మాయికి నిర్ణయంతో సంబంధం లేదు, ఆమె కాగితాలు సరిచూసి పంపుతుందంతే. కాబట్టి ఫైలులో ఉన్న కాగితాలన్నీ ఒకే మాట చెప్పాలి. ఫారంలో 10వ తేదీ, ఇన్సూరెన్సులో 11, లీవు లెటరులో 12 ఉన్నాయనుకో, ఒక్కొక్కటీ చిన్న పొరపాటే, మూడూ కలిస్తే నమ్మకం పోతుంది.

మన తెలుగువాళ్ళకు ఇందులో అందరికంటే ఎక్కువ తలనొప్పి పేర్లతోనే. అల్లుడు గారి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, మూడు ముక్కల పేరు ఇంకో గడిలో పూర్తిగా ఉంటాయి. బ్యాంకులో రెండు ఇనీషియల్సు, ఒక పేరు. జీఎస్టీ కాగితంలో ఇంకోలా. నీ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది, బాబుకి వాళ్ళ నాన్నది. మనకిది మామూలే, అక్కడివాళ్ళకు మీరు ముగ్గురూ వేర్వేరు కుటుంబాలు. అందుకని మ్యారేజ్ సర్టిఫికెట్, బాబు బర్త్ సర్టిఫికెట్ తప్పకుండా పెట్టు. పెళ్ళి రిజిస్టరు చేయించారో లేదో చూసుకో, శుభలేఖ పనికిరాదు. బ్యాంకుకెళ్ళి ఖాతాదారు పూర్తి పేరు, పాస్‌పోర్టు నంబరు, ఖాతా నంబరు ఉన్న ఉత్తరం లెటర్‌హెడ్ మీద అడిగి తీసుకోండి. ఒకే మనిషని తేల్చడానికి ఆ ఒక్క కాగితం చాలు. విమానం రిజర్వేషను, హోటలు, ఇన్సూరెన్సు మాత్రం పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే చేయాలి. హోటల్ బుకింగులో నీ పేరొక్కటే ఉంటే సరిపోదు, బాబుతో సహా ముగ్గురి పేర్లూ కనబడాలి.

డబ్బు సంగతి. స్విట్జర్లాండ్ సొంత ఖర్చుతో వచ్చేవాళ్ళకు మనిషికి రోజుకు 100 ఫ్రాంకులు చూపమంటుంది. 10వ తేదీ నుంచి 22 దాకా లెక్కపెడితే 13 రోజులు, ముగ్గురికి 3,900 ఫ్రాంకులు, మన డబ్బుల్లో నాలుగు లక్షల పైచిలుకు. టికెట్లు, హోటళ్ళు పోను ఆ మాత్రం ఖాతాల్లో కనబడితే ధైర్యంగా ఉండొచ్చు. ప్లాను మార్చుకుని ఫ్రాన్స్‌కి పెడితే వాళ్ళ లెక్క వేరు, హోటల్ బుకింగు ఉంటే మనిషికి రోజుకు 65 యూరోలు.

అయితే ఎంత ఉందన్నదానికంటే ఎలా వచ్చిందన్నదే ఎక్కువ చూస్తారు. నెలనెలా జీతం పడుతూ, ఈఎంఐలు పోతూ, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు కట్టిన ఖాతా ఆఫీసరుకి అర్థమవుతుంది. రెండు నెలలు పదిహేను వేల దగ్గర ఊగిసలాడుతూ, అర్జీకి వారం ముందు ఒక్కసారిగా ఆరు లక్షలు పడిన ఖాతా ఇంకో రకంగా అర్థమవుతుంది. వియ్యంకుడి దగ్గర చేబదులు తెచ్చి వేద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. నిజంగానే చిట్టీ పాడుకున్న డబ్బో, స్థలం అమ్మిన డబ్బో అయితే తప్పేం లేదు, దాని కాగితం పక్కనే పెట్టి కవరింగ్ లెటరులో ఒక వాక్యం రాయి. స్టేట్‌మెంట్లు మూడు నెలలవి అడిగినా ఆరు నెలలవి ఇవ్వు, బ్యాంకు ముద్ర వేయించు. ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉంటే వాటి రసీదులూ పెట్టొచ్చు, కానీ సేవింగ్సు ఖాతాకి అవి బదులు కావు.

నీ తరఫున మూడు నెలల పే స్లిప్పులు, ఐటీ రిటర్నులు, సెలవుకి అభ్యంతరం లేదని ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీ. ఆ ఎన్‌ఓసీలో నువ్వెప్పుడు చేరావు, హోదా, జీతం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా సెలవిచ్చారు, 25న తిరిగి డ్యూటీలో చేరతావు అన్న మాట ఉండాలి. హెచ్‌ఆర్ వాళ్ళు "ఈమె మా ఉద్యోగి" అని రెండు లైన్లు రాసి చేతులు దులుపుకుంటారు, అది తీసుకురావద్దు. అల్లుడు గారిది ఖమ్మంలో గ్రానైట్ వ్యాపారం కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషను, రెండు మూడేళ్ళ రిటర్నులు, వ్యాపారం పేరు మీదున్న బ్యాంకు కరెంటు ఖాతా, సొంత సేవింగ్సు ఖాతా రెండూ పెట్టాలి. ఆయన లేనప్పుడు వ్యాపారం ఎవరు చూసుకుంటారో కూడా ఒక మాట రాస్తే మంచిది. రిటర్నులో ఏడాదికి ఐదు లక్షలు చూపించి, ఖాతాలో నెలకు ఐదు లక్షలు తిరిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. దానికి ఆడిటరుతో ఇప్పుడే మాట్లాడుకోండి.

కవరింగ్ లెటరు ఇంగ్లీషులో, ఒక పేజీ దాటకుండా. నెట్‌లో దొరికే నమూనాలు కాపీ కొట్టకు, "మీ సుందర దేశ సంస్కృతిని ఆస్వాదించాలని" అనే వాక్యం వాళ్ళు రోజూ వందసార్లు చదువుతారు. ఎవరెవరు వెళ్తున్నారు, ఒకరికొకరు ఏమవుతారు, ఏ తేదీలు, ఏ ఊళ్ళు, ఖర్చు ఎవరిది, తిరిగి రావడానికి ఇక్కడ ఏమున్నాయి: నీ ఉద్యోగం, ఆయన వ్యాపారం, జూన్‌లో బాబు బడి. అంతే. దాని వెనకాల రోజువారీ పట్టిక. అందులో ఊరు మారిన ప్రతిసారీ దేని మీద మారుతున్నారో కనబడాలి. పారిస్ నుంచి బాజెల్ దాకా రైలు, అక్కడి నుంచి ఇంటర్‌లాకెన్‌లో మూడు రాత్రులు, లూసర్న్‌లో రెండు, లూసర్న్ నుంచి మిలాన్ మీదుగా రోమ్‌కి రైలు. ఒక్క రాత్రికి కూడా హోటలు లేకుండా ఖాళీ వదలకూడదు.

విమానం టికెట్టు డబ్బు కట్టి కొనక్కర్లేదు, రిజర్వేషను చాలు. కానీ ఏజెంటు ఐదొందలకు ఇచ్చే డమ్మీ పీఎన్ఆర్ రెండు రోజుల్లో చచ్చిపోతుంది. ఆఫీసరు ఎయిర్‌లైన్సు సైటులో కొట్టి చూసినప్పుడు అది కనబడకపోతే నష్టం మీకే. కొంచెం ఖర్చయినా నిర్ణయం వచ్చేదాకా బతికుండే బుకింగు పెట్టు. హోటళ్ళు ఫ్రీ క్యాన్సిలేషనువి తీసుకో, అర్జీ ఇచ్చిన మర్నాడే రద్దు చేసేయకు.

ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు, షెంజెన్ దేశాలన్నిటికీ చెల్లేలా, అత్యవసర వైద్యం, ఆసుపత్రి, స్వదేశానికి తరలింపు అన్నీ కలిపి ఉండాలి. పాలసీ కాగితం మీద షెంజెన్ అన్న మాట రాసి ఉందో లేదో చూడు. వీసా రాకపోతే ప్రీమియం వాపసిచ్చే పాలసీలున్నాయి, అలాంటిదే తీసుకో.

ఫోటో 35 మిల్లీమీటర్లు వెడల్పు, 45 ఎత్తు, తెల్ల బ్యాక్‌గ్రౌండు, ఆరు నెలల లోపుది. స్టూడియోలో "వీసా ఫోటో" అంటే అమెరికాది, చదరంగా ఉండేది, తీసి చేతిలో పెడతాడు. షెంజెన్ అని చెప్పు. ముఖం తెల్లగా నున్నగా చేయొద్దని కూడా చెప్పాలి, మనవాళ్ళకు ఆ చెయ్యి ఊరుకోదు. కళ్ళజోడు తీసేయించు, మెరుపు పడితే ఫోటో తిప్పి పంపుతారు.

ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45. ముగ్గురికీ 225, దానిపైన వీఎఫ్ఎస్ సర్వీసు ఛార్జి. వీసా రాకపోయినా ఇది తిరిగి రాదు. కొరియరు, ఎస్ఎంఎస్, లాంజి అని కౌంటరులో ఇంకా కొన్ని అంటగడతారు. కొరియరు తప్ప మిగతావి అక్కర్లేదు, లాంజిలో కూర్చుంటే వీసా త్వరగా రాదు. వేలిముద్రలు పన్నెండేళ్ళ లోపు వాళ్ళకు తీసుకోరు. అల్లుడు గారు 2024లో గ్రానైట్ ఎగ్జిబిషనుకి ఇటలీ వెళ్ళినప్పుడు ఇచ్చారు కదా, అవి 59 నెలలు చెల్లుతాయి. ఫారంలో వేలిముద్రలు ఇంతకుముందు ఇచ్చారా అనే గడి దగ్గర "అవును" అని పెట్టి తేదీ, పాత వీసా నంబరు రాయండి. పాత పాస్‌పోర్టు కూడా వెంట తీసుకెళ్ళాలి. ఆ వీసాని ఆయన పద్ధతిగా వాడి తిరిగొచ్చారు గనుక ఇప్పుడది ఆయనకు బలం. 2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం తెచ్చిన నియమం ప్రకారం మూడేళ్ళలో రెండు వీసాలు సక్రమంగా వాడినవాళ్ళకు తర్వాత రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ ఇస్తారు, అది అయ్యాక, పాస్‌పోర్టుకు గడువుంటే, ఐదేళ్ళది. ఈసారి కూడా సవ్యంగా వెళ్ళొస్తే ఆయనకు అది అందే దూరంలోనే ఉంటుంది.

వీసా రాకపోతే ఒక ఫారం ఇస్తారు, అందులో కారణం దగ్గర టిక్కు ఉంటుంది. ప్రయాణ ఉద్దేశం తేలలేదు, డబ్బు చాలదు, తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదు, ఇచ్చిన సమాచారం నమ్మదగ్గది కాదు, ఇలాంటివి. అప్పీలు హక్కు ఉంది, దాని గడువు, పద్ధతి ఆ ఫారంలోనే ఉంటాయి. సెలవుల ప్రయాణానికి మాత్రం అప్పీలుకంటే ఆ టిక్కు పెట్టిన లోపం సరిచేసి మళ్ళీ అర్జీ పెట్టడమే మేలని నా అభిప్రాయం. అదే ఫైలుని అలాగే ఇంకో దేశానికి ఇవ్వడం శుద్ధ దండగ, పాత తిరస్కారం వాళ్ళందరి కంప్యూటర్లలోనూ కనబడుతుంది. రేపు అమెరికా ఫారంలో "ఎప్పుడైనా వీసా నిరాకరించారా" అని అడిగినా నిజమే రాయాలి.

పాస్‌పోర్టు చేతికొచ్చిన వెంటనే కవరు అక్కడే విప్పి స్టిక్కరు చదువు. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని ఎంట్రీలు, ఎన్ని రోజులు. వీటిలో తేదీలు, రోజులు కలిపి చదవడంలోనే చాలామంది పొరపాటు పడతారు. తేదీలు మే 10 నుంచి జూన్ 6 దాకా ఉండి, రోజుల గడిలో 13 అని ఉంటే, జూన్ 6 దాకా ఉండొచ్చని కాదు. ఆ మధ్యలో ఎప్పుడైనా 13 రోజులే. మిగిలిన తేదీలు ప్రయాణం వెనకాముందైతే సర్దుకోవడానికి. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కే, రాత్రి పదకొండింటికి దిగినా ఆ రోజు పోయినట్టే. శంషాబాద్ నుంచి 9వ తేదీ రాత్రి ఎక్కితే దిగేది 10న, ఫారంలో రాయాల్సింది దిగే తేదీ. 2025 అక్టోబరు నుంచి సరిహద్దుల్లో ముద్రల బదులు ఈఈఎస్ అనే కంప్యూటరు పద్ధతి మొదలుపెట్టారు, ఒక్కరోజు ఎక్కువున్నా మిషనే పట్టేస్తుంది. స్టిక్కరులో తప్పుంటే ఆ రోజే వీఎఫ్ఎస్‌కి చెప్పాలి.

హోటలు, ఇన్సూరెన్సు, తిరుగు టికెట్టు కాపీలు చెకిన్ లగేజీలో వేయకు, చేతి సంచిలో పెట్టుకో. పారిస్‌లో ఇమిగ్రేషనువాళ్ళు అడగొచ్చు.

బాబు బర్త్ సర్టిఫికెట్ తెలుగులోనే ఉందని మీ అమ్మ చెప్పింది. ఇంగ్లీషులో ఉన్నది ఖమ్మం మున్సిపల్ ఆఫీసులో అడగండి. పేరు అక్షరాలు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోమని అల్లుడు గారికి చెప్పు, తప్పుంటే దిద్దించడానికి రోజులు పడతాయి. ముందు ఆ పని చూడండి, ఫారం తర్వాత నింపొచ్చు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న