మెటల్ డిటెక్టర్ బ్యాటరీ ప్యాక్‌ను ఇంట్లో బాగు చేసుకోవచ్చా?

రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా డిటెక్టర్ అరగంటకే ఆగిపోతోందని, ప్యాక్‌ను ఇంట్లోనే బాగు చేసుకోవచ్చా అని అడిగారు. నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ అయితే నిస్సందేహంగా చేసుకోవచ్చు. ఎనిమిది సెల్‌లున్న నా ప్యాక్‌ను నేను అలాగే బాగు చేసుకున్నాను.

ఈ రకం సెల్ ఒక్కొక్కటి 1.2 వోల్టులు, ఎనిమిదింటిని సిరీస్‌లో కలిపితే 9.6 వోల్టులు వస్తాయి. నేను మొదట లోడ్ (సెల్ నుంచి కరెంటు తీసుకునేది) ఏమీ లేకుండా మల్టీమీటర్‌తో కొలిచాను. అన్ని సెల్‌లూ 1.3 వోల్టులకు పైనే చూపించడంతో లోపం డిటెక్టర్‌లోనే ఉందనుకుని, దాన్ని విప్పి రెండు రోజులు వృథా చేసుకున్నాను. ఆ తరువాత 4.7 ఓమ్‌ల, 1 వాట్ రెసిస్టర్‌ను లోడ్‌గా ఒక్కో సెల్ ప్లస్, మైనస్ మొనల మధ్య కలిపి కొలిస్తే, ఏడు సెల్‌లు 1.2 దగ్గర నిలిచాయి, ఒకటి మాత్రం నిమిషం లోపే 0.7కు జారిపోయింది. దాని పైతొడుగు ఒలిచి చూస్తే, ప్లస్ మొన చుట్టూ ఉప్పులాంటి తెల్లని పొడి పేరుకుని ఉంది. అది లోపలి క్షార ద్రావణం కారి గడ్డకట్టినది కనుక చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు లేకుండా ముట్టుకోకండి.

ఆ ఒక్క సెల్‌నే మార్చితే చాలదా అనిపిస్తుంది. చాలదనే నా అభిప్రాయం. కొత్త సెల్ కన్నా ముందే పాతవి ఖాళీ అవుతాయి, అలా ఖాళీ అయిన సెల్ గుండా మిగతావి కరెంటును తోస్తూనే ఉండడం వల్ల దాని ధ్రువత తిరగబడి అది పాడవుతుంది. అందుకే ఒకే రకం, ఒకే సామర్థ్యం గల ఎనిమిదింటినీ ఒకేసారి వేశాను.

కొనేటప్పుడు నికెల్ పట్టీలు ముందే వెల్డింగ్ చేసి ఉన్న సెల్‌లే తీసుకోండి, ఎందుకంటే సెల్ మీద నేరుగా టంకం పెడితే ఆ వేడికి లోపలి సీలు దెబ్బతింటుంది. పాత ప్యాక్‌లో సెల్‌ల మధ్య ఇరికించి ఉండే థర్మల్ ఫ్యూజును (ప్యాక్ మరీ వేడెక్కితే కరెంటును ఆపేసేది) పారేయకుండా అదే చోట తిరిగి అమర్చండి. విప్పకముందే ఒక ఫోటో తీసుకుంటే వైర్లు తారుమారు కావు. 2000 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్‌లకు మొదటి ఛార్జింగ్‌ను 200 మిల్లీ ఆంపియర్ల వద్ద సుమారు 14 గంటలు పెట్టాను.

మీది లిథియం అయాన్ ప్యాక్ అయితే ఈ పద్ధతి ఏదీ వర్తించదు. ముఖ్యంగా ఉబ్బిన సెల్‌ను ఛార్జ్ చేయడం గానీ విప్పడం గానీ చేయకండి, మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.