2014 స్విఫ్ట్‌లో 6000 కెల్విన్ జెనాన్ కిట్ వేయించుకోవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: కారు 2014 స్విఫ్ట్, రాత్రిపూట హైదరాబాద్–విజయవాడ హైవే మీద వెలుగు చాలట్లేదు, రాణిగంజ్ షాపులో 6000 కెల్విన్ (కెల్విన్ అంటే వెలుగు రంగుకు కొలత) జెనాన్ కిట్ చూపించారు, పెట్టించుకుంటే పోలీసులు పట్టుకుంటారా?

పెట్టించుకోకండి. పోలీసుల సంగతి తర్వాత, ముందు ఆ కిట్ మీ ల్యాంపులో సరిగ్గా పనిచేయదు. జెనాన్‌ను బల్బుగా కొనకూడదు, ల్యాంపుగా కొనాలి. ఈ ఒక్క ముక్క షాపులో ఎవరూ చెప్పరు.

మీ కారులో ఉన్నది హెచ్4 హాలోజన్ బల్బు, 60/55 వాట్లు. ఒకసారి విప్పి, గాజు ముట్టుకోకుండా అడుగున ఉన్న రేకు పట్టుకుని చూడండి. లోపల రెండు ఫిలమెంట్లు (వెలిగే సన్నని తీగ చుట్టలు) ఉంటాయి. ముందున్న ఫిలమెంట్ కింద చిన్న గిన్నెలాంటి రేకు కనిపిస్తుంది. లో బీమ్ మొత్తం ఆ గిన్నె చలవే. అది కిందికి పోయే వెలుగును ఆపేస్తుంది కాబట్టి రిఫ్లెక్టర్ పైసగం మాత్రమే వెలుగు అందుకుని రోడ్డు మీదికి వంచి కొడుతుంది. గిన్నె ఒక అంచు 15 డిగ్రీలు వాలుగా ఉంటుంది. ఎడమ పక్క రోడ్డు అంచు, సైకిల్ మీద పోయేవాళ్లు, కిలోమీటరు రాళ్లు కాస్త ఎత్తు దాకా కనిపించేది అందుకే. ఆ ల్యాంపు అద్దం మీద గీతలు, లోపలి రిఫ్లెక్టర్ వంపు అన్నీ ఆ ఫిలమెంట్ ఉన్న చోటును పట్టుకునే లెక్కకట్టారు.

జెనాన్ కిట్‌లో ఫిలమెంట్ ఉండదు. చిన్న గాజు బుడగలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య 4 మిల్లీమీటర్ల పైచిలుకు దూరంలో ఆర్క్, అంటే కరెంటు మెరుపు, మండుతుంది. ఆ ఆర్క్ తిన్నగా ఉండదు, పైకి విల్లులా వంగుతుంది. వెలుగు కూడా అంతటా ఒకేలా ఉండదు, ఎలక్ట్రోడ్ల కొసల దగ్గర ఎక్కువ. పైగా హెచ్4 కిట్లలో హై, లో మార్చడానికి సోలనాయిడ్ (కరెంటుతో కదిలే అయస్కాంతపు మీట) పెట్టి బల్బునే ముందుకీ వెనక్కీ జరుపుతారు. అసలు బల్బులో ఫిలమెంట్ స్థానం మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన ఉండాల్సిన చోట, స్ప్రింగ్ మీద ఊగే బల్బు పెడితే ఏమవుతుంది? హెచ్4 లో బీమ్ ఇచ్చేది సుమారు 1000 ల్యూమెన్లు (ఎంత వెలుగు వస్తుందో చెప్పే కొలత). 35 వాట్ల జెనాన్ దాదాపు 3000 ఇస్తుంది. మూడింతల వెలుగు, పట్టు మాత్రం లేదు.

నమ్మకం కుదరకపోతే గోడ ముందు చూసుకోండి. సమంగా ఉన్న నేల మీద కారును గోడకు సరిగ్గా 5 మీటర్ల దూరంలో ఆపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవర్ సీట్లో మనిషి ఉండాలి, బీమ్ ఎత్తు మార్చే లెవలింగ్ నాబ్ సున్నా మీద ఉండాలి. నేల నుంచి ల్యాంపు మధ్యభాగం ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద ఆ ఎత్తుకు 5 సెంటీమీటర్లు కిందగా టేపు అడ్డంగా అంటించండి. మంచి హాలోజన్ బల్బుతో లో బీమ్ వేస్తే టేపు దగ్గర వెలుగు కత్తిరించినట్టు ఆగుతుంది, పైన చీకటి, ఎడమవైపు మాత్రం పెంకుటింటి వాలులా పైకి లేస్తుంది. అదే ల్యాంపులో కిట్ పెడితే ఆ గీత చెదిరిపోతుంది. టేపుకు పైన మీటరు, మీటరున్నర ఎత్తు దాకా తెల్లటి మరకలు పడతాయి, బంపర్ ముందు నేల మీద పాలు ఒలకబోసినట్టు పెద్ద మచ్చ. ఆ మచ్చ చూసే అందరూ వెలుగు బాగా పెరిగిందని మురిసిపోతారు. కారు ముందు పది మీటర్లు ధగధగలాడితే కన్ను ఆ వెలుగుకు అలవాటు పడిపోతుంది, 60 మీటర్ల అవతల నల్లగా నిలబడ్డ బర్రె అంతకు ముందుకన్నా తక్కువ కనిపిస్తుంది.

దీనికి మెకానిక్ చెప్పే విరుగుడు ఒకటుంది, 'కొంచెం కిందికి దించేద్దాం సార్' అని. లెక్క చూడండి. ల్యాంపు ఎత్తు 65 సెంటీమీటర్లు అనుకుందాం. బీమ్ 1 శాతం వాలితే, అంటే 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగితే, 65 మీటర్ల దగ్గర నేల తాకుతుంది. ఎదుటివాళ్ల కంట్లో పడకుండా 3 శాతానికి దించితే అదే వెలుగు 22 మీటర్లకే అయిపోతుంది. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. అంటే డబ్బు పెట్టి, ఒక్క సెకను ముందు మాత్రమే కనిపించే ల్యాంపు కొనుక్కున్నట్టు. అంత దించినా పైకి చెదిరే మరకలు పోవు, అవి రిఫ్లెక్టర్ నుంచి వచ్చేవి. డిసెంబరులో లంబసింగి వైపు పొగమంచులో వెళ్తే ఆ చెదిరిన వెలుగే తెల్ల గోడలా మీ కళ్లలోకి తిరిగొస్తుంది.

ఇక చట్టం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 106వ నిబంధన మూడు కొలతలు చెబుతుంది. ల్యాంపు నుంచి 8 మీటర్ల ముందు, కారు కుడి అంచు నుంచి అర మీటరు కుడికి, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి లో బీమ్ జిగేలుమనకూడదు. ఇంట్లో ఎవరినైనా అక్కడ నిలబెట్టి అడగండి, మీకే తెలిసిపోతుంది. బల్బులకు ఏఐఎస్-034, కారు మీద దీపాల అమరికకు ఏఐఎస్-008 అనే భారత వాహన పరిశ్రమ ప్రమాణాలున్నాయి. హెచ్4 ల్యాంపుకు ఆమోదం హెచ్4 బల్బుతోనే, అందులో జెనాన్ పెట్టిన క్షణం ఆ ఆమోదం చెల్లదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) సెక్షన్ ప్రకారం, అనుమతి లేని విడిభాగాలతో వాహనాన్ని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 'అందరూ వేయించుకుంటున్నారు కదా' అన్న మాట ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ సర్వేయర్ దగ్గర పనికిరాదు. వైరింగ్ తెగ్గోసి అతికిన జాడ అతనికి కనిపిస్తే క్లెయిమ్‌లో పేచీ ఖాయం.

మరి చట్టబద్ధంగా జెనాన్ ఎవరు పెట్టుకోవచ్చు? కంపెనీయే అదే మోడల్‌లో పై వేరియంట్‌కు జెనాన్ ఇచ్చి ఉంటే, ఆ పూర్తి ల్యాంపు, దాని బ్యాలస్ట్ (జెనాన్‌కు తగ్గ కరెంటు అందించే పెట్టె), దాని వైరింగ్, దాని లెవలింగ్ మోటారుతో సహా కంపెనీ వర్క్‌షాపులో బిల్లు తీసుకుని పెట్టించుకోవచ్చు. 2015లో వచ్చిన బలెనో ఆల్ఫా, ఎస్-క్రాస్ ఆల్ఫా ఇలా హెచ్ఐడీ (జెనాన్‌కే ఇంకో పేరు) ప్రొజెక్టర్లతో, అంటే ముందు కటకం ఉన్న ల్యాంపులతో, వచ్చినవే. మీ 2014 స్విఫ్ట్‌కు అలాంటి ల్యాంపు లేదు, కాబట్టి మీకు ఈ దారి మూసుకుపోయింది.

ల్యాంపు కొనేటప్పుడు పెట్టె మీద రాతలు కాదు, అద్దం అంచున అచ్చు చూడండి. వృత్తంలో ఇంగ్లిష్ 'E' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే అది యూరప్ ప్రమాణాల ఆమోదం, అంకె ఏ దేశం ఇచ్చిందో చెబుతుంది. దాని దగ్గరే హెచ్‌సీఆర్ అని ఉంటే హాలోజన్, డీసీఆర్ అని ఉంటే జెనాన్. సీ అంటే లో బీమ్, ఆర్ అంటే హై బీమ్. ఇంకా ముఖ్యం బాణం గుర్తు. మనలా ఎడమవైపు నడిచే దేశాలకు చేసిన ల్యాంపు మీద, దాని ఎదురుగా నిలబడి చూస్తే బాణం మీ కుడిచేతి వైపు చూపిస్తుంది. బాణం లేకపోతే అది కుడివైపు నడిచే దేశాలది, దాని బీమ్ పైకి లేచేది సరిగ్గా ఎదురొచ్చే లారీ డ్రైవర్ ముఖంలోకి. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే ప్రొజెక్టర్లలో చాలామంది మోసపోయేది ఇక్కడే. మామూలు ల్యాంపును ఓవెన్‌లో వేడిచేసి విప్పి అందులో ప్రొజెక్టర్ కూర్చోబెట్టే పని బాగా చేస్తే గీత చక్కగానే వస్తుంది, ఆ పనితనాన్ని కాదనను. కానీ విప్పిన ల్యాంపుకు పాత ఆమోదం ఉండదు.

జెనాన్ కారు ఉన్నవాళ్లు బల్బు మార్చేటప్పుడు కోడ్ అక్షరం అక్షరం కలవాలి. డీ2ఎస్ ప్రొజెక్టర్‌కు, డీ2ఆర్ రిఫ్లెక్టర్‌కు. డీ1లో ఇగ్నైటర్ (ఆర్క్‌ను వెలిగించే పరికరం) బల్బుకే అతికి ఉంటుంది, డీ2కి విడిగా ఉంటుంది. డీ1, డీ2 నడిచేది 85 వోల్టుల మీద, పాదరసం లేని డీ3, డీ4 నడిచేది 42 మీద, ఒకదాని బ్యాలస్ట్‌కు ఇంకోటి కుదరదు. వెలిగించేటప్పుడు పుట్టేది 20,000 వోల్టుల పైన, స్విచ్ వేసి ఉండగా కనెక్టర్ ముట్టుకుంటే ప్రాణానికే ముప్పు. రెండు పక్కలా ఒకేసారి మార్చండి, పాతబడ్డ కొద్దీ రంగు మారుతుంది కాబట్టి ఒకటే మారిస్తే రెండు కళ్లూ రెండు రంగుల్లో ఉంటాయి.

యూరప్ నిబంధనల్లో 2000 ల్యూమెన్లు దాటిన లో బీమ్‌కు ఆటో లెవలింగ్, అద్దం కడిగే వాషర్ తప్పనిసరి. ఆర్భాటం అనుకోకండి. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) రెండున్నర మీటర్లున్న కారులో వెనక నలుగురూ సామానూ ఎక్కి వెనక భాగం 5 సెంటీమీటర్లు కుంగితే బీమ్ 2 శాతం పైకి లేస్తుంది. 1 శాతం కిందికి పెట్టింది కాస్తా 1 శాతం పైకి పోయింది. సంక్రాంతికి ఊరికి బయల్దేరిన ప్రతి కారూ ఇలాగే ఉంటుంది. హాలోజన్ కారులో కూడా ఆ నాబ్ ఉన్నది అందుకే, దయచేసి తిప్పండి.

6000 కెల్విన్ మోజు గురించి ఒక మాట. కంపెనీ జెనాన్ 4300 చుట్టుపక్కల ఉంటుంది. ఆ పైకి పోయిన కొద్దీ నీలం పెరుగుతుంది, ల్యూమెన్లు తగ్గుతాయి. 8000 అంటే అలంకారమే. కొందరు అద్దం మీద నల్ల స్టిక్కర్ అంటించి సరిచేశామనుకుంటారు, దానివల్ల ఉన్న వెలుగు కొంత పోతుంది, చెదిరే వెలుగు చెదురుతూనే ఉంటుంది. డివైడర్ ఉందని ఊరంతా హై బీమ్ మీద తిరిగేవాళ్ల మీద నాకున్న కోపం రాస్తే ఈ జవాబు ముగియదు.

ఇప్పుడు మీ స్విఫ్ట్‌కు నిజంగా కావలసింది. పదేళ్లు దాటిన కారు, అద్దం పసుపు పట్టి ఉంటుంది. 800, 1000, 2000, 3000 నంబరు నీటి గరుకు కాగితాలతో వరసగా తడిగా రుద్ది, పాలిష్ పట్టి, పైన యూవీ క్లియర్ కోటు వేయించండి. కోటు లేకుండా వదిలేస్తే కొన్ని నెలల్లో మళ్లీ పసుపే.

తర్వాత మల్టీమీటర్ తీయండి. ఇంజన్ నడుస్తుండగా, లో బీమ్ వేసి, బ్యాటరీ దగ్గర వోల్టులు చూడండి, బల్బు వెనక పిన్నుల దగ్గర మళ్లీ చూడండి. అక్కడ 14, ఇక్కడ 12.6 ఉంటే 10 శాతం పోయినట్టు. హాలోజన్ వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, ఆ 10 శాతం నష్టానికి దాదాపు 30 శాతం వెలుగు పోతుంది. స్విచ్, సన్నని వైరు, తుప్పు పట్టిన ఎర్త్, అన్నీ కలిసి తినేస్తాయి. ముందు ఎర్త్ బోల్టు విప్పి గరుకు కాగితంతో రుద్ది బిగించండి. అప్పటికీ తేడా ఉంటే రిలే (స్విచ్ బదులు పెద్ద కరెంటును కలిపే పరికరం) హార్నెస్ వేయించండి: బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, 30 ఆంపియర్ల రిలేలు రెండు, అసలు కనెక్టర్‌ను కోయకుండా దానికే తగిలించేది. అందులో కొత్త 60/55 బల్బులు, పేరున్న కంపెనీవి, జతగా. నీలం పూత ఉన్నవి వద్దు, ఆ పూత వెలుగును తినేస్తుంది. 100/90 అసలే వద్దు, అవి చట్టవిరుద్ధం, ఒక్కో బల్బు ఏడెనిమిది ఆంపియర్లు లాగి ప్లాస్టిక్ హోల్డర్‌ను గోధుమరంగులోకి కాల్చేస్తుంది.

చివరగా పైన చెప్పిన గోడ దగ్గరే బీమ్ సరిచేయండి. ల్యాంపు వెనక రెండు స్క్రూలుంటాయి, ఒకటి ఎత్తుకు, ఒకటి పక్కలకు. ఒక ల్యాంపును గుడ్డతో కప్పి రెండోది సరిచేయాలి. ల్యాంపు మీదో, బానెట్ కింద స్టిక్కర్ మీదో శాతం ముద్రించి ఉంటే ఆ అంకే పాటించండి.

ఇప్పటికే కిట్ వేయించేసుకున్నవాళ్లు తీసేటప్పుడు ఒకటి గమనించండి. వైరు దూర్చడానికి ల్యాంపు వెనక రబ్బరు మూతకు రంధ్రం చేసి ఉంటారు. ఆ మూత అలాగే పెడితే మొదటి వానకే లోపల నీటి చుక్కలు పట్టి రిఫ్లెక్టర్ పూత లేచిపోతుంది. మూత విడిగా దొరుకుతుంది, పాతది పారేసి కొత్తది వేయించండి.